వీధిలోకి తెరుచుకునే గుమ్మాలు

నగరాల నిర్మాణం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ వేసవిలో తన దగ్గరికి వెళ్తే, రైల్లో పారిస్ కూడా తీసుకెళ్లింది. పారిస్‌లో మేం తిరిగిన వీధుల్లో ఆరేడు అంతస్తులకు మించిన ఇళ్లు కనిపించలేదు. అయినా ఎక్కడ చూసినా జనమే. లండన్‌లో అమ్మాయి ఉండే వీధిలో మాత్రం రాత్రి ఏడు దాటితే మనిషి కనపడడు. తిరిగొచ్చి పుప్పాలగూడలో మా ముప్ఫై రెండో అంతస్తు బాల్కనీలోంచి చూస్తే కింద రోడ్డు మీదా అంతే. ఎత్తుగా కడితే జనసాంద్రత పెరగాలి కదా, వీధిలో సందడి పెరగాలి కదా?
– ఒక పాఠకురాలు, పుప్పాలగూడ

జవాబు: పెరగాలన్న నియమం లేదండీ. ముందు అంకెలు చూద్దాం. పారిస్ నగర పరిధి 105 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 21 లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు 20 వేల మంది. గ్రేటర్ లండన్ 1,572 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 89 లక్షలు. అక్కడ చదరపు కిలోమీటరుకు 5,700 కూడా రాదు.

ఈ రెండు అంకెలనూ ఇలా పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. పారిస్ చుట్టుపక్కల ఊళ్లను కలుపుకొని ఇప్పటి రూపానికి వచ్చింది 1860లో. తర్వాత ఆ సరిహద్దు పెద్దగా కదల్లేదు. ఇప్పుడు దాని వెంబడే, 1973లో పూర్తయిన 35 కిలోమీటర్ల వలయ రహదారి ఉంది. విమానాశ్రయాలన్నీ ఆ గీతకు బయటే. లండన్ గీత లోపల హీత్రూ విమానాశ్రయం ఉంది, జింకలు తిరిగే 2,500 ఎకరాల రిచ్‌మండ్ పార్కు ఉంది, అంచుల్లో పొలాలు కూడా ఉన్నాయి. న్యాయంగా పోల్చాలంటే పారిస్‌కు దాన్ని ఆనుకొని ఉన్న మూడు జిల్లాలను కలపాలి. అప్పుడు 762 చదరపు కిలోమీటర్లలో 70 లక్షల మంది, కిలోమీటరుకు 9 వేల చొప్పున తేలతారు. లేదంటే లండన్ లోపలి బరోలను, అంటే నడిమధ్య ఉన్న స్థానిక పాలన విభాగాలను మాత్రమే తీసుకోవాలి. అక్కడ 319 చదరపు కిలోమీటర్లలో 34 లక్షల మంది, అంటే కిలోమీటరుకు పది వేలు దాటుతారు. అప్పటికీ పారిస్ నగరం దానికి దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుంది. మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు.

ఆ చిక్కదనం ఎత్తు వల్ల వచ్చింది కాదు. 1853 నుంచి 1870 వరకు ఓస్మాన్ అనే అధికారి పాత పారిస్‌ను కోసి పెద్ద వీధులు వేయించాడు. 1859 నిబంధన ప్రకారం 20 మీటర్ల వెడల్పున్న వీధిలో ముందు గోడ 20 మీటర్లకు మించకూడదు. అయితే ఆ గోడ ఫుట్‌పాత్ అంచునే లేస్తుంది. పక్క భవనానికీ దీనికీ మధ్య సందు ఉండదు, గోడకు గోడ ఆనుకొని ఉంటుంది. కింద దుకాణం, పైన ఐదారు అంతస్తుల్లో వాటాలు, పైకప్పు వాలు కింద చిన్న గదులు, మధ్యలో వెలుతురు కోసం ఒక లోపలి వాకిలి. 1973లో మోంపర్నాస్ దగ్గర 210 మీటర్ల టవరు కడితే నగరవాసులకు నచ్చలేదు. 1977లో నగరంలో ఎత్తులకు మళ్లీ గట్టి పరిమితి పెట్టారు. అందుకే మీకు ఆరేడు అంతస్తులే కనిపించాయి.

లండన్ కథ వేరు. పారిస్‌కు 1840లలో కూడా చుట్టూ కొత్త కోటగోడ లేచింది. లండన్‌ను అలా బిగించి ఉంచిన గోడ అప్పటికి ఏదీ లేదు. 1863లో అక్కడ భూగర్భ రైలు మొదలైంది. రైలు ఎటు పోతే అటు వరుస ఇళ్లు పుట్టుకొచ్చాయి: రెండు మూడు అంతస్తులు, ముందు చిన్న తోట, వెనక పెరడు, ఒక్కో కుటుంబానికి ఒక్కో గుమ్మం. దుకాణాలన్నీ హైస్ట్రీట్ అనే పెద్ద వీధికి చేరాయి. మీ అమ్మాయి వీధి నిర్మానుష్యంగా ఉండటానికి కారణం అదే. ఓ పది నిమిషాలు నడిచి హైస్ట్రీట్‌కు వెళ్తే అక్కడ బస్సులు, కిరాణా కొట్లు, పబ్బుల ముందు గ్లాసులు పట్టుకుని నిలబడి మాట్లాడుకునే జనం కనిపిస్తారు. చదువుకునే రోజుల్లో నేను డాల్‌స్టన్ దగ్గర ఉండేదాన్ని. అక్కడి రిడ్లీ రోడ్డు సంతలో బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కర్రపెండలం దుంపలు దొరికేవి. దాని వెనక వీధిలోనే మధ్యాహ్నం పూట పిట్ట అరుపు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆ నిశ్శబ్దాన్ని ఇష్టపడి కోరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని లోపం అనను.

ఇక పుప్పాలగూడ. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే లెక్కను ఎఫ్ఎస్ఐ అంటారు. హైదరాబాద్‌లో 2006లో ఆ పరిమితి ఎత్తేశారు. స్థలంలో ఎంత కట్టవచ్చు అన్నది ముందున్న రోడ్డు వెడల్పునూ చుట్టూ వదిలే ఖాళీనీ బట్టి తేలుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, పెరుగుతుంది. ఫైరింజన్ తిరగాలి కాబట్టి అది అవసరమే. కానీ ఆ ఖాళీ చుట్టూ ప్రహరీ, దానికి ఒకే గేటు, గేటు లోపల వాకింగ్ ట్రాక్, సూపర్ మార్కెట్, పిల్లల ఆటస్థలం. వేలమంది నివసిస్తున్నా వీధికి దక్కేది ఒక్క గేటు, అందులోంచి వచ్చే కార్లు. పక్కన మరో ప్రహరీ. రెండు ప్రహరీల మధ్య నాలుగు వందల మీటర్లు నడిచే మనిషికి ఒక్క కిటికీ కనిపించదు, మంచినీళ్లు అడగడానికి ఒక్క కొట్టు ఉండదు. అక్కడ ఎవరు నడుస్తారు?

మీరు ఒకసారి నల్లకుంటకు రండి. నేనుండేది అక్కడే. శంకరమఠం నుంచి కూరగాయల మార్కెట్ వైపు నడుస్తుంటే మూడు నాలుగు అంతస్తుల ఇళ్లే ఉంటాయి. కింద ఇస్త్రీ బండి, మందుల షాపు, పిండి మర, టైలరు, జిరాక్స్ కొట్టు, మెట్ల మీద కూర్చుని పూలు కట్టే ఆవిడ. పది అడుగులకొక గుమ్మం. 2011 జనగణనలో 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా తేలారు. కంటోన్మెంటు, హుస్సేన్‌సాగర్ వంటి పెద్ద ఖాళీలను లెక్కలో ఉంచుకున్న తర్వాత కూడా అంత! పారిస్‌కు దగ్గరగా ఉన్న ఆ సాంద్రతను మన పాత పేటలు ఏ ఆకాశహర్మ్యమూ లేకుండానే సాధించాయి. వాటిని నేర్చుకోవాల్సిన పాఠాలుగా కాకుండా కూల్చాల్సిన ఇరుకుగా చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

మీ సంఘం సమావేశంలో ఒక మాట అడిగి చూడండి: రోడ్డు వైపు ప్రహరీలో కొంత భాగం తీసి, అక్కడ బయటికి తెరుచుకునే నాలుగు దుకాణాలు పెట్టడానికి అనుమతి వస్తుందా అని. ముందుగా మీ ప్లాను పట్టుకుని ఒక ఆర్కిటెక్టును కలవండి. ఆ దారిన ఇంటికి నడిచి వెళ్లే పనిమనుషులకూ సెక్యూరిటీ వాళ్లకూ కూడా అది మేలు చేస్తుంది.

ప్రశ్న: హనుమకొండ నుంచి వచ్చి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్నాను. హాస్టల్ గదిలో ఆరుగురం. జనసాంద్రత మంచిదని మీరు రాస్తుంటే కోపం వస్తోంది.
– ఒక విద్యార్థి, అమీర్‌పేట

జవాబు: మీ కోపం సరైనదే. కానీ మీ బాధకు కారణం వీధిలో జనం ఎక్కువ కావడం కాదు, గదిలో ఎక్కువ కావడం. ఈ రెండింటినీ విడివిడిగా కొలవాలి. ఇదే పారిస్‌లో, దాదాపు ఇవే సరిహద్దుల్లో, 1921లో 29 లక్షల మంది ఉండేవారు. ఒక గదిలో కుటుంబమంతా ఉన్న ఇళ్లు అప్పుడు కోకొల్లలు. క్షయతో ఏ ఇంట్లో ఎందరు చనిపోయారో లెక్కగట్టి, గాలీ వెలుతురూ చొరని 17 ప్రాంతాలను అక్కడి అధికారులు అనారోగ్యకరమైనవిగా గుర్తించారు. ఇప్పుడు జనాభా 8 లక్షలు తగ్గింది, మనిషికి దక్కే చోటు పెరిగింది, వీధులు మాత్రం అలాగే నిండుగా ఉన్నాయి.

గది వెతికేటప్పుడు అద్దె తర్వాత మొదట చూడాల్సింది కిటికీ. అది ఆరుబయటికి తెరుచుకోవాలి, పక్క భవనం గోడకో లోపలి వసారాకో కాదు. మంట లేస్తే దిగడానికి రెండో మెట్ల దారి ఉందేమో కూడా అడగండి. లేని చోట అద్దె వెయ్యి తక్కువైనా చేరకండి.

ప్రశ్న: మా వీధిలో ఫుట్‌పాత్ అంతా కూరగాయల బండ్లే. పెద్దవాళ్లు రోడ్డు మీద నడవాల్సి వస్తోంది. పారిస్‌లా శుభ్రంగా తీసేయిస్తే పోదా?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: పారిస్‌లో తీసేయలేదండీ, వేళ పెట్టారు. బాస్టీల్ దగ్గర రిషార్ లెన్వార్ బూలెవార్డు మీద గురువారం, ఆదివారం సంత జరుగుతుంది. తెల్లవారుజామున గుడారాలు వేస్తారు, మధ్యాహ్నం దాటాక విప్పేస్తారు, నగరపాలక సిబ్బంది నీళ్లు కొట్టి కడుగుతారు. సాయంత్రానికి అదే చోట పిల్లలు ఆడుకుంటారు.

మన దగ్గరా 2014 వీధి వ్యాపారుల చట్టం ఇందుకే ఉంది. ముందు సర్వే చేయాలి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఎక్కడ, ఏ వేళల్లో అమ్ముకోవచ్చో తేల్చడంలో పట్టణ విక్రయ కమిటీకి పాత్ర ఉంటుంది, ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. కాబట్టి మీ కాలనీ తరఫున ‘బండ్లు తొలగించండి’ అని అర్జీ పెట్టకండి. ఫుట్‌పాత్‌లో గోడ వైపు ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి వదిలి, రోడ్డు వైపు బండ్లకు గీతలు గీయమని అడగండి. అర్జీ మీద బండ్లవాళ్ల సంతకాలు కూడా తీసుకోండి. వాళ్లకూ రోజూ పోలీసు ఈల వినే బెడద తప్పుతుంది.