టెక్ సందేహాలు: గింజంత రొయ్య ఫ్రేమ్ నిండా రావాలంటే

ప్రశ్న: నీటి అడుగున ఫొటోలకు నా దగ్గర ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 100 ఎం.ఎం. మాక్రో లెన్స్, ఫ్లాట్ పోర్ట్ (లెన్స్ ముందుండే చదునైన అద్దం) బిగించిన హౌసింగ్ (కెమెరాకి నీళ్లు చొరని పెట్టె) ఉన్నాయి. న్యూడీబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) బాగానే వస్తున్నాయి. కానీ ఐదారు మిల్లీమీటర్ల రొయ్యలు, పిగ్మీ సీహార్స్‌లు (బుల్లి సముద్రపు గుర్రాలు) మాత్రం ఫ్రేమ్ మధ్యలో చుక్కల్లా మిగిలిపోతున్నాయి. మాగ్నిఫికేషన్ పెంచుకోవడానికి పోర్ట్ మీద బిగించే భూతద్దం లాంటి వెట్ డయాప్టర్ కొనాలా, కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే టెలీకన్వర్టరా, ఎక్స్‌టెన్షన్ ట్యూబా?

జవాబు: ముందు ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకోండి. పెద్ద టబ్బులో నీళ్లు నింపి, స్కేలును నీళ్లలో నిలబెట్టి, కెమెరాను హౌసింగ్‌తో సహా ముంచండి. లెన్స్‌ను దాని కనీస ఫోకస్ దూరానికి తెచ్చి మాన్యువల్ ఫోకస్‌లో అక్కడే ఉంచేయండి. ఇక ఫోకస్ రింగ్ ముట్టుకోవద్దు. కెమెరానే ముందుకూ వెనక్కూ జరుపుతూ, స్కేలు గీతలు స్పష్టంగా కనిపించిన చోట క్లిక్ చేయండి. తర్వాత ఆ ఫొటోలో ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లు పడ్డాయో లెక్కపెట్టండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. కాబట్టి 36 గీతలు ఉంటే మీరు 1:1 దగ్గర ఉన్నట్టు, అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులోనే పడుతున్నట్టు. 18 ఉంటే 2:1, అంటే రెట్టింపు. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలో సెన్సర్ వెడల్పు సుమారు 17 మి.మీ. మాత్రమే కాబట్టి, అక్కడ 1:1లోనే 17 గీతలతో ఫ్రేమ్ నిండిపోతుంది.

ఈ స్కేలు గొడవ ఎందుకంటే, మీ ప్రశ్నలోనే ఒక ఆధారం దొరికింది. పిగ్మీ సీహార్స్‌లలో డైవర్లు ఎక్కువగా వెతికే బార్జిబాంటీ రకం సుమారు రెండు సెంటీమీటర్లు ఉంటుంది. తోక చుట్టుకుని కూర్చున్నా, 1:1లో తీస్తే ఫ్రేమ్‌లో మూడో వంతైనా ఆక్రమించాలి. అది చుక్కలా పడుతోందంటే మీరు 1:1 దాకా వెళ్లడం లేదు. ఆటోఫోకస్‌ను నమ్ముకుని దూరం నుంచే తీస్తున్నారు. చేతిలో ఉన్న లెన్స్ శక్తి సగం వాడకుండానే మిగిలిపోతోంది. ముందు దాన్ని పూర్తిగా వాడండి. సీహార్స్ సంగతి దాంతోనే తేలిపోతుంది.

రొయ్య సంగతి వేరు. ఆరు మిల్లీమీటర్ల రొయ్య 1:1లో ఫ్రేమ్‌లో ఆరో వంతే ఉంటుంది. దానికి 2:1 కావాల్సిందే. మీ లెన్స్‌కి నా ఓటు వెట్ డయాప్టర్‌కే. పోర్ట్ బయట బిగించే ఈ అద్దాన్ని నీళ్లలోనే పెట్టుకోవచ్చు, తీసేయొచ్చు. రొయ్యను తీస్తుండగా పక్కనే పెద్ద కటిల్‌ఫిష్ వచ్చిందనుకోండి, ఫ్లిప్ హోల్డర్ ఉంటే డయాప్టర్‌ను ఒక్క తోపుతో పక్కకు మడిచి దాన్నీ తీసుకోవచ్చు. ట్యూబ్, టెలీకన్వర్టర్ హౌసింగ్ లోపల ఉంటాయి కాబట్టి డైవ్ అయ్యేదాకా వాటితోనే కాలక్షేపం.

డయాప్టర్ లెక్క చాలా తేలిక. 1000ని దాని పవర్‌తో భాగిస్తే ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లలో వస్తుంది. +5 అయితే 200, +10 అయితే 100. మీ లెన్స్ ఇన్ఫినిటీ (అతి దూరపు ఫోకస్) దగ్గర ఉన్నప్పుడు వచ్చే మాగ్నిఫికేషన్ కావాలంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను ఈ అంకెతో భాగించండి. 100 ఎం.ఎం. లెన్స్‌కి +10 పెడితే ఇన్ఫినిటీ దగ్గరే 1:1 వచ్చేస్తుంది. కనీస ఫోకస్ దూరానికి తెస్తే 2:1 కూడా దాటుతుంది. అదే డయాప్టర్‌ను 60 ఎం.ఎం. లెన్స్‌కి పెడితే ఇన్ఫినిటీ దగ్గర 0.6 మాత్రమే. అందుకే వెట్ డయాప్టర్ పొడవైన లెన్స్‌కి బాగా పనికొస్తుంది. పొట్టి లెన్స్‌కి ఎక్స్‌టెన్షన్ ట్యూబే మేలు, ఎందుకంటే అక్కడ లెక్క తిరగబడుతుంది. ట్యూబ్ పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత మాగ్నిఫికేషన్ పెరుగుతుందో వస్తుంది. 60 ఎం.ఎం.కి 30 మి.మీ. ట్యూబ్ వేస్తే 0.5 పెరుగుతుంది.

టెలీకన్వర్టర్‌లో మెచ్చుకోవలసింది ఒకటుంది. జీవికీ మీకూ మధ్య దూరం తగ్గించకుండానే బొమ్మను పెద్దది చేస్తుంది. బెదిరిపోయే జీవులకు అది వరమే. కానీ 1.4ఎక్స్ ఒక స్టాప్ వెలుతురును (అంటే సగాన్ని), 2ఎక్స్ రెండు స్టాప్‌లను మింగేస్తుంది. అన్ని మాక్రో లెన్స్‌లూ దానికి అతకవు కూడా. ట్యూబ్ వేసినా, కన్వర్టర్ వేసినా లెన్స్ ముందుకు జరుగుతుంది కాబట్టి పోర్ట్‌కి ఎక్స్‌టెన్షన్ రింగ్ కొనాలి. ఆ ఖర్చును చాలామంది మరిచిపోతారు.

ఫ్లాట్ పోర్ట్ వల్ల నీళ్లలో అన్నీ మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కదా, ఆ మేరకు మాగ్నిఫికేషన్ కూడా కలిసొస్తుందని కొందరు అనుకుంటారు. కనీస ఫోకస్ దగ్గర అది కలిసిరాదు. నీళ్లలో వస్తువు అసలు దూరంలో ముప్పాతిక దూరంలోనే ఉన్నట్టు లెన్స్‌కి కనిపిస్తుంది, అంతే. 1:1 అన్నది 1:1గానే ఉంటుంది. లాభం ఏమిటంటే, అదే 1:1ని కాస్త వెనక నుంచి తీసుకోవచ్చు.

ప్రశ్న: +10 వెట్ డయాప్టర్ కొన్నాను. బిగించిన దగ్గర్నుంచీ ఒక్క ఫొటో కూడా ఫోకస్‌లో లేదు. లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. డయాప్టర్‌లో లోపం ఉందా?

జవాబు: టెన్షన్ పడకండి, అద్దం దాదాపు మంచిదే అయి ఉంటుంది. +10 పెట్టాక పది సెంటీమీటర్ల అవతల ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు. లెన్స్ ఎంత తిరిగినా రాదు. దగ్గరి హద్దు ఆరేడు సెంటీమీటర్ల దగ్గర ఉంటుందనుకుంటే, మీ చేతిలో ఉన్నది మూడు నాలుగు సెంటీమీటర్ల జాగా మాత్రమే. ఆ జాగాలో మీరు లేకపోతే ఆటోఫోకస్ పాపం వెతుకుతూనే ఉంటుంది.

ఆటోఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి విడదీసి వెనక బటన్‌కి మార్చుకోండి. ఫోకస్‌ను ఒకచోట కట్టేసి, కెమెరాను ఒక్కో మిల్లీమీటరు ముందుకు నెట్టుతూ రొయ్య కంటి మీద చూపు పెట్టండి. ముందు మీసాలు పదునెక్కుతాయి, తర్వాత ముక్కు దగ్గరి ముల్లు, ఆ వెంటనే నల్లటి కన్ను. కన్ను మెరిసిన క్షణంలో క్లిక్. ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులను రంగుతో చూపించే సదుపాయం) ఉంటే ఆన్ చేసుకోండి. మసక నీళ్లలో ఫోకస్ లైట్ లేకుండా ఈ పని కాదు. ఒక రొయ్యకి ఇరవై, ముప్పై ఫొటోలు తీయాల్సి వచ్చినా విసుక్కోవద్దు. 2:1 దగ్గర అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/16 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కన్ను దొరికితే మీసాలు పోతాయి, ఎవరికైనా అంతే.

ఆ లోతు కోసం ఎఫ్/29, ఎఫ్/32కి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి. దగ్గరికి పోయేకొద్దీ అసలు అపెర్చర్ మీరు పెట్టిన అంకె కంటే చిన్నదవుతుంది. 1:1 దగ్గర ఎఫ్/16 పెడితే పనిచేసేది దాదాపు ఎఫ్/32. కొన్ని కెమెరాలు ఈ అసలు అంకెనే చూపిస్తాయి, కొన్ని చూపించవు. అంతకంటే మూస్తే డిఫ్రాక్షన్ (సన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. నేనైతే చూపించని కెమెరాలో ఎఫ్/11 నుంచి ఎఫ్/16 మధ్యలోనే ఉంటాను.

ఇంకొకటి. నీళ్లలోకి దిగగానే డయాప్టర్‌ను ఒకసారి తీసి, పోర్ట్ అద్దానికీ దానికీ మధ్య వేలితో తుడవండి. అక్కడ నీళ్లు నిండాలి. చిన్న గాలి బుడగ చిక్కుకున్నా ఫొటోలో ఒక మూల పొగ పట్టినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: నేలమీద పువ్వుల ఫొటోలకు వాడే క్లోజప్ ఫిల్టర్ నా దగ్గర ఉంది. 67 ఎం.ఎం. మరలు పోర్ట్‌కి సరిపోతున్నాయి. దాన్నే బయట బిగించేసి దిగొచ్చా?

జవాబు: మరలు సరిపోయినా పని జరగదు. గాజు వక్రీభవన గుణకం (వెలుగును వంచే బలం) సుమారు 1.52, నీటిది 1.33, గాలిది 1. గాలిలో గాజుకి ఉన్న తేడా 0.52 అయితే నీళ్లలో 0.19 మాత్రమే. అంటే ఒకే గాజుతో చేసిన ఫిల్టర్‌ను రెండు వైపులా నీళ్లు తాకితే దాని పవర్ మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. +4 కాస్తా +1.5 అవుతుంది. ఈత కొడుతూ కళ్లు తెరిస్తే అంతా అలుక్కుపోయినట్టు కనిపించేదీ ఈ కారణంతోనే. అసలైన వెట్ లెన్స్‌లో గాజుల మధ్య గాలిని మూసేసి ఉంచుతారు, అందుకే దాని పవర్ నిలుస్తుంది.

మీ ఫిల్టర్‌ను పారేయకండి. పోర్ట్ లోపల జాగా ఉంటే లెన్స్ ముందే బిగించండి. అక్కడ గాలే కాబట్టి పవర్ పూర్తిగా పనిచేస్తుంది. డైవ్ మధ్యలో తీయలేరు, అదొక్కటే లోటు.

ప్రశ్న: కాంపాక్ట్ కెమెరాకి వెట్ లెన్స్ పెడితే మూలలు నల్లగా వస్తున్నాయి, బొమ్మా పెద్దగా పెరగలేదు.

జవాబు: జూమ్‌ను చివరిదాకా లాగి చూడండి. పైన చెప్పిన లెక్కే, లెన్స్ పొడవయ్యేకొద్దీ డయాప్టర్ బలం పెరుగుతుంది. నలుపూ పోతుంది. ఒలింపస్ టీజీ-6 లాంటి కెమెరాల్లో ఉండే మైక్రోస్కోప్ మోడ్ ఒక సెంటీమీటరు దాకా ఫోకస్ చేస్తుంది. కానీ అంత దగ్గరికి వెళ్తే కెమెరా నీడే జీవి మీద పడుతుంది, స్ట్రోబ్ (నీళ్లలో వాడే ఫ్లాష్) వెలుగు చేరదు. వెట్ లెన్స్ పెట్టి కాస్త వెనక్కి రావడమే హాయి.

ప్రశ్న: 2:1 దగ్గర రెండు స్ట్రోబ్‌లు పూర్తి పవర్‌లో పెట్టినా ఫొటో చీకటిగా ఉంటోంది. పిగ్మీ సీహార్స్ అయితే ఎప్పుడూ వీపే చూపిస్తుంది. దాన్ని ఇటు తిప్పమని డైవ్ గైడ్‌ను అడగొచ్చా?

జవాబు: స్ట్రోబ్‌లు 1:1కి పెట్టిన చోటే ఉన్నట్టున్నాయి. జీవి ఇప్పుడు డయాప్టర్‌కి ఆరేడు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చింది. వెలుగు ఇంకా పాత చోటే పడుతోంది. చేతులు మడిచి, రెండు స్ట్రోబ్‌లనూ పోర్ట్ చివరికి ఆనించినట్టుగా తెచ్చి, కాస్త లోపలికి తిప్పండి. పవర్ సగానికి తగ్గించుకోవాల్సి వస్తుంది చూడండి.

గైడ్‌ను మాత్రం దయచేసి అడగొద్దు. ఆ సీహార్స్ తానుండే సీఫ్యాన్ (విసనకర్ర లాంటి పగడం) రంగులో, దాని పాలిప్‌ల (మొగ్గల్లాంటి బుల్లి జీవుల) ఆకారంలో ఎంతగా కలిసిపోతుందంటే, 1969లో న్యూ కలెడోనియాలో అక్వేరియం కోసం సేకరించిన సీఫ్యాన్‌ను పరిశీలిస్తుండగా గానీ అది మొదటిసారి కంటపడలేదు. సేకరించిన జార్జ్ బార్జిబాన్ పేరే దానికి పెట్టారు. దాని బతుకంతా ఆ కొమ్మను పట్టుకున్న తోక మీదే ఆధారపడి ఉంటుంది. పుల్లతో తిప్పితే ఆ పట్టు జారుతుంది, కొమ్మ విరుగుతుంది. ఫ్లాష్‌లు నాలుగైదుకి మించకుండా, కొమ్మకి ఆనుకోకుండా, ఊపిరి సర్దుకుని రెండు నిమిషాలు ఆగండి. అది వెలుతురుకి మొహం తిప్పుకుంటుంది కాబట్టి ఆ రెండు నిమిషాలూ ఫోకస్ లైట్‌ను ఎరుపుకి మార్చండి లేదా పక్కకు తిప్పండి. అది తనంతట తాను ఇటు తిరిగేసరికి మీ ఫోకస్ సిద్ధంగా ఉంటుంది.