హిందీలో "మీ ఆరోగ్యం జాగ్రత్త" అనేటప్పుడు ఆప్‌కా అనాలా, అప్‌నా అనాలా?

"అప్‌నా ఖయాల్ రఖియే" అనాలి. "ఆప్‌కా ఖయాల్ రఖియే" తప్పు. ఖయాల్ రఖ్‌నా అంటే బాగోగులు చూసుకోవడం. వాక్యంలో కర్తకే చెందినదాని గురించి చెబుతుంటే హిందీలో మేరా, తుమ్హారా, ఆప్‌కా అన్నీ పోయి అప్‌నా వస్తుంది. ఇక్కడ ఆప్ అనే కర్త పైకి కనిపించదు, అందుకే తెలుగు "మీ" అలవాటుగా ఆప్‌కా అయిపోతుంది. సేహత్ (ఆరోగ్యం) స్త్రీలింగం కాబట్టి "అప్‌నీ సేహత్ కా ఖయాల్ రఖియే". ఎదుటివారి బాగోగులు మీరు చూసుకుంటానని చెప్పేటప్పుడు మాత్రం "మైఁ ఆప్‌కా ఖయాల్ రఖూఁగా" సరైనదే (స్త్రీలు రఖూఁగీ అంటారు).

అప్‌నా అంటే మర్యాద తగ్గుతుందన్నది అపోహ. మర్యాదంతా క్రియలోనే: చనువుంటే రఖో, పెద్దలతో రఖియే. పెద్దలతో రఖో అంటేనే అసలు ఇబ్బంది.