సముద్రం ఎడమవైపున ఉండాలి: డింగల్ సైకిల్ యాత్రపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నాలుగేళ్లుగా ఆదివారాలు సైకిల్ మీద పాకాల, రామప్ప వెళ్లి వస్తున్నాను. ఒకసారి హైదరాబాదు దాకా, అంటే సుమారు 145 కిలోమీటర్లు, ఒక్క రోజులో తొక్కాను. మా అక్కావాళ్లు డబ్లిన్‌లో ఉంటారు. సెప్టెంబరులో అక్కడికి వెళ్తున్నాను కనుక ఐర్లండ్ పడమటి తీరంలోని డింగల్ ద్వీపకల్పాన్ని సైకిల్ మీద చుట్టి రావాలని ఉంది. ట్రలీ పట్నం నుంచి బయలుదేరి మళ్లీ ట్రలీ చేరడానికి దారి మొత్తం 150 కిలోమీటర్లేనట. రెండు రోజులు చాలునా? నా సైకిల్‌నే విమానంలో తీసుకుపోవడం మంచిదా? ఇక్కడ ఉండగా ఏం సాధన చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండు రోజులు చాలవు. నాలుగు రోజులు పెట్టుకొని, వాటి మీద ఇంకొక రోజు ఏ పనీ లేకుండా ఉంచుకోండి. హైదరాబాదు దారిలో మీకు ఎండ, లారీలు తప్ప అడ్డు వచ్చినవి పెద్దగా ఉండవు; ఎంత దూరం పోయారో అంత పని అయినట్టే లెక్క. డింగల్‌లో ఆ లెక్క నడవదు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చే నైరుతి గాలి తాకే మొదటి నేలల్లో అది ఒకటి. ఆ గాలి ఎదురైన రోజున చదునైన రోడ్డు కూడా గుట్ట ఎక్కినట్టే ఉంటుంది. వాన తోడైతే 15 డిగ్రీల వేడిమిలో కూడా వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు పట్టడం కష్టమవుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు ఓర్చుకునే మనం ఈ చలిని తక్కువగా అంచనా వేస్తాం. నేనూ అలాగే వేసి, మొదటి రోజు మధ్యాహ్నానికే ఒక ఊరి దుకాణంలో ఉన్ని గ్లవ్స్ కొనుక్కున్నాను.

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ నుంచి ట్రలీకి రైలుంది. కొన్ని రైళ్లకు మ్యాలో దగ్గర మారాలి. సైకిల్‌కు చోటు ముందుగానే బుక్ చేసుకోవాలి. ట్రలీ నుంచి డింగల్ ఊరు పెద్ద రోడ్డు మీద సుమారు 48 కిలోమీటర్లు ఉంటుంది. అది మొదటి రోజు పని. దారిలో అనస్కాల్ అనే చిన్న ఊరు తగులుతుంది. దక్షిణ ధ్రువ యాత్రల్లో స్కాట్, షాకిల్టన్‌ల వెంట నడిచిన టామ్ క్రీన్ ఆ ఊరివాడే. ఇల్లు చేరిన తరువాత ఆయన అక్కడ నడిపిన పబ్బుకు పెట్టిన పేరు 'సౌత్ పోల్ ఇన్'. తడిసి ముద్దై ఆ గుమ్మం ముందు ఆగినవాడికి తన కష్టం చెప్పుకోవడానికి నోరు రాదు.

అసలు యాత్ర డింగల్ నుంచి మొదలవుతుంది. స్లే హెడ్ దారి అనే 47 కిలోమీటర్ల చుట్టు రోడ్డు ద్వీపకల్పపు కొసను చుట్టి తిరిగి డింగల్‌కే వస్తుంది. దీన్ని ఒక్క రోజులో ముగించేవారు చాలామంది ఉన్నారు. నేను మాత్రం రెండుగా విరిచి, రాత్రికి బాలీఫెరిటర్‌లో ఆగమంటాను. ఎటు నుంచి చుట్టాలన్నది ముఖ్యం. గడియారపు ముల్లు తిరిగే దిశలోనే వెళ్లండి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి కనుక ఆ దిశలో వెళ్తే సముద్రం మీ ఎడమ చేతి పక్కనే ఉంటుంది, మధ్యలో కారు అడ్డు రాదు. టూరిస్టు బస్సులకు కూడా ఆ దిశే సూచిస్తారు కనుక ఇరుకు మలుపుల్లో బస్సు ఎదురుపడే భయం తగ్గుతుంది. అన్నిటికంటే పెద్ద లాభం గాలి: కాళ్లలో సత్తువ ఉన్న మొదటి సగం ఎదురుగాలికి పెట్టి, అలసిన రెండవ సగంలో వీపున గాలి తోస్తూ ఉండగా తిరిగి రావచ్చు.

ఫాహన్ ప్రాంతంలో కొండ మీది నుంచి దిగే ఒక చిన్న వాగు రోడ్డు కిందుగా పోదు, రోడ్డు మీదుగానే పారి సముద్రం వైపు జారిపోతుంది. వానాకాలంలో మన లోలెవల్ వంతెనల మీద నీళ్లు పారినట్టే ఉంటుంది కానీ, ఇక్కడ అడుగున నున్నని రాయి ఉంటుంది, దాని మీద నాచు ఉంటుంది. నీళ్లు అంగుళమే కదా అని వేగంగా పోయి, మధ్యలో హ్యాండిల్ తిప్పినా, ముందు బ్రేకు నొక్కినా చక్రం పక్కకు జారుతుంది. ముందే వేగం తగ్గించి, హ్యాండిల్ తిన్నగా పట్టుకొని, బ్రేకు మీది నుంచి వేళ్లు తీసి నింపాదిగా దాటండి. అనుమానంగా ఉంటే దిగి నడిపించండి. బూట్లు ఎలాగూ అప్పటికే తడిసి ఉంటాయి. దీనికి దగ్గరలోనే ఉన్న డన్‌బెగ్ రాతికోటలో కొంత భాగం తుపానులకు అంచు విరిగి సముద్రంలో పడిపోయింది. అక్కడ కొండ అంచులు ఎంత పెళుసో దాన్నిబట్టి తెలుస్తుంది. ఫొటో కోసం గోడ దాటకండి.

కొస తిరిగాక డన్‌క్విన్ వస్తుంది. ఎదురుగా కనిపించే గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపంలోని చివరి కుటుంబాలను 1953లో తీరానికి తరలించారు. బాలీఫెరిటర్ దాటాక గల్లారస్ అనే చిన్న రాతి ప్రార్థనామందిరం ఉంది. సున్నం లేకుండా, వాన నీరు బయటికి జారేటట్టు ఒక్కొక్క రాయిని కొద్దిగా వాల్చి పేర్చారు. వందల ఏళ్లుగా లోపల పొడిగానే ఉంది. ఖిలా వరంగల్ రాతి ప్రాకారంలో సున్నం లేని కట్టుబడి చూసి పెరిగిన మనం అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడతాం.

చివరి రోజు కానర్ కనుమ. డింగల్ నుంచి సుమారు 7 కిలోమీటర్ల ఎక్కుడు, సముద్రమట్టం నుంచి 400 మీటర్లకు పైగా. నైరుతి గాలి వెనుక నుంచి వస్తే ఎక్కుడు సగం సులువు. ఉత్తరపు దిగుడు దగ్గరే జాగ్రత్త కావాలి: ఒక పక్క రోడ్డు మీదికి వంగిన బండ, ఇంకొక పక్క పొట్టి రాతిగోడ, మధ్యలో ఒక్క కారు పట్టేంత దారి. బరువైన వాహనాలకు అక్కడ ప్రవేశం లేకపోవడం మన అదృష్టం. చక్రపు అంచును నొక్కి ఆపే రిమ్ బ్రేకు తడిస్తే వెంటనే పట్టదు కనుక ఆగవలసిన చోటుకు చాలా ముందుగానే నొక్కడం మొదలుపెట్టాలి. కనుమ మీద మేఘం దిగి ఉంటే ఆ రోజు పోకండి. ఖాళీగా ఉంచమన్న రోజు ఇందుకోసమే.

సైకిల్ ఇక్కడి నుంచి మోయకండి. నేను ఒకసారి మోసి, పెట్టె విప్పి చూస్తే వెనుక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగి ఉంది. ఒక్కొక్క మోడల్‌కు ఒక్కొక్క రకం హ్యాంగర్ కావడంతో అది దొరికే సరికి ఒకటిన్నర రోజు పోయింది. అద్దెకు తీసుకోండి, తీసుకునేటప్పుడు ఎక్కుడుకు పనికొచ్చే చిన్న గేర్లు ఉన్నాయా, వెనుక క్యారియర్ గట్టిదేనా చూసుకోండి. మీ పెడళ్లు, సీటు మాత్రం వెంట తీసుకుపోతే మోకాళ్లకూ నడుముకూ పాత అలవాటు చెడదు. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెన్‌గెన్‌లో ఐర్లండ్ లేదు కనుక దాని వీసా వేరుగా తీసుకోవాలి.

సాధనకు మీకు ఆషాఢం కలిసి వస్తుంది. ఆ గాలిలో పరకాల దాకా వెళ్లి, తిరుగు దారిలో దానికి ఎదురు తొక్కండి. వెనుక సంచుల్లో 10 కిలోల నీళ్ల సీసాలు పెట్టుకోండి. వీలైతే రెండు రోజులు నిర్మల్ వెళ్లి మహబూబ్ ఘాట్ ఎక్కి దిగండి. ఎక్కడం కంటే బరువుతో దిగడం నేర్చుకోవడం అవసరం. వాన పడుతున్నప్పుడు ఇంట్లో కూర్చోకండి.

ప్రశ్న: నా వయసు 56, మోకాళ్లు అంతగా సహకరించవు. బ్యాటరీ సైకిల్ మీద ఈ దారి సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సాధ్యమే. అక్కడి బ్యాటరీ సైకిళ్లు మనం తొక్కినప్పుడే తోడ్పడతాయి, గంటకు 25 కిలోమీటర్లు దాటితే తోడ్పాటు ఆగిపోతుంది. ఎదురుగాలిలో బ్యాటరీ దుకాణంవారు చెప్పినంత దూరం రాదు కనుక స్లే హెడ్ చుట్టును మీరు కూడా రెండుగా విరవండి, రాత్రి ఆగిన చోట చార్జింగ్ ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. ముందుగా మోకాళ్ల డాక్టరు గారి మాట వినండి.

ప్రశ్న: మా అమ్మాయి కార్క్‌లో చదువుతోంది. స్నేహితురాలితో కలిసి ఈ యాత్రకు వెళ్తానంటోంది. పంపవచ్చునా? తినడానికి ఏం పంపను?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: పంపండమ్మా. రోడ్లకు పక్క జాగా ఉండదు, చాలాచోట్ల వీధి దీపాలు ఉండవు. మెరిసే జాకెట్టు, ముందూ వెనుకా లైట్లు పగలు కూడా ఉండాలి. స్లే హెడ్ కింద కుమీనూల్ అనే ఇసుక తీరం చూడగానే దిగాలనిపిస్తుంది కానీ అక్కడి ప్రవాహాలు ప్రమాదకరం, ఈతకు దిగవద్దని గట్టిగా చెప్పండి. అత్యవసరానికి నంబరు 112. ఆ ప్రాంతంలో ఐరిష్ భాష వాడుక కనుక బోర్డుల మీద డన్‌క్విన్ 'డూన్ ఖీన్' అవుతుంది. ఊళ్ల పేర్లు రెండు భాషల్లోనూ రాసి పెట్టుకోమనండి. రోడ్డు మీద పెద్ద అక్షరాలతో 'గో మాల్' అని కనిపిస్తే అది షాపింగుకు పిలుపు కాదు, నెమ్మదిగా పొమ్మని.

పాలతో చేసిన మిఠాయిలను, మాంసం పచ్చళ్లను ప్రయాణికులు ఐర్లండ్‌కు తీసుకుపోనివ్వరు. సకినాలు సైకిల్ సంచిలో సాయంత్రానికి పిండి అవుతాయి. పల్లీ పట్టీలు, వేయించిన అటుకులు పంపండి. డింగల్ దాటాక దుకాణాలు చాలా తక్కువ.