పదహారేళ్ల కుర్రాడి తరఫున ఎవరు నిలబడాలి?

ప్రశ్న: మా అక్క కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పదో తరగతి మెమో ప్రకారం 16 ఏళ్లు నిండి నాలుగు నెలలైంది. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు పడి 18 దాటినట్టు ఉంది. ఇద్దరు పెద్ద కుర్రాళ్లతో బండి మీద వెళ్తుండగా, వాళ్లు దారిన పోయే ఒకాయన సెల్‌ఫోన్ లాక్కున్నారని ముగ్గురినీ పట్టుకున్నారు. వీణ్ని రెండు రాత్రులు స్టేషన్‌లోనే ఉంచి, ఆ తర్వాత జువైనల్ జస్టిస్ బోర్డు (18 నిండని పిల్లల కేసులు చూసే బోర్డు) ముందు హాజరుపరిచారు. ఇప్పుడు పరిశీలన గృహంలో (కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే చోట) ఉన్నాడు. సోమవారం వాయిదా. ఒక వకీలు గారు రూ.60 వేలు అడిగారు. బావ లేరు, అక్క మిర్చి యార్డులో కూలికి వెళ్తుంది. ఉచితంగా ఇచ్చే వకీలు వల్ల ప్రయోజనం ఉంటుందా? ఒప్పేసుకుంటే మందలించి వదిలేస్తారని స్టేషన్‌లో చెప్పారు. అలా చేయమంటారా? – గుంటూరు జిల్లా నుంచి ఒక మేనమామ

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఒప్పుకోవద్దు. చేశాడో లేదో నాకు తెలియదు. మీకూ పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు. వకీలు ఆ కుర్రాడితో విడిగా కూర్చుని మాట్లాడే వరకు వాడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు, ఏ మాటా అప్పజెప్పకూడదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా పనికిరాదు. పైగా, బాలుడి చేత బలవంతంగా సంతకం చేయించకూడదనీ, ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోలీసులే తెలియజేయాలనీ 2016 నాటి కేంద్ర మాదిరి నియమాలు చెబుతున్నాయి. అంటే మీరు వెతుక్కుంటున్న వకీలు మొదటి రోజే రావలసింది.

ఇక ఉచిత వకీలు సంగతి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు న్యాయ సహాయం హక్కుగా వస్తుంది. వారి విషయంలో కుటుంబ ఆదాయ పరిమితి వర్తించదు, కాబట్టి అక్క కూలి ఎంతో రుజువు చేసుకోనక్కరలేదు. బాలుడికి న్యాయ సహాయం అందేలా చూడటం బోర్డు బాధ్యత అని 2015 నాటి బాలల న్యాయ చట్టం 8వ సెక్షన్ కూడా చెబుతోంది. రేపే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లి, తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, సోమవారం వాయిదా ఉందని పైనే స్పష్టంగా పేర్కొని కార్యదర్శికి ఇవ్వండి. వెళ్లలేకపోతే 15100 నంబరుకు ఫోన్ చేయండి. నియమించిన ప్యానెల్ న్యాయవాది మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. అడిగినా, వాయిదాకు రాకపోయినా, కార్యదర్శికి రాతపూర్వకంగా తెలిపి మరొకరిని కోరవచ్చు.

అయితే ఉచితమా, డబ్బుకా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదని నా అభిప్రాయం. జువైనల్ బోర్డులో ఎన్ని కేసులు చేశారన్నది అడగండి. మామూలు మేజిస్ట్రేట్ కోర్టులో పేరున్న వకీళ్లు కూడా కొందరు ఇక్కడికి వచ్చి పెద్దవాళ్ల బెయిలు పిటిషన్‌నే పేరు మార్చి వేయడం, నేరం తీవ్రమైనది కాదని మాత్రమే వాదించడం నేను చూశాను. బాలల న్యాయ చట్టంలో బెయిలు దారి వేరు. దాని 12వ సెక్షన్ ప్రకారం నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా బాలుణ్ని జామీనుతోగానీ, జామీను లేకుండాగానీ, ప్రొబేషన్ అధికారి (పిల్లవాడి పరిస్థితి గమనించి బోర్డుకు నివేదించే అధికారి) పర్యవేక్షణలోగానీ విడిచిపెట్టడమే నియమం. నేరస్థుల సహవాసంలోకి వెళ్తాడనో, నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదంలో పడతాడనో, న్యాయ ప్రయోజనం దెబ్బతింటుందనో నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉంటేనే నిరాకరించాలి, ఆ కారణాలు రాయాలి.

మీ కేసులో బోర్డు మనసులో మొదటగా వచ్చే సందేహం ఆ ఇద్దరు పెద్ద కుర్రాళ్లదే. దానికి జవాబు చట్టం పుస్తకంలో దొరకదు, మీ ఇంట్లో దొరుకుతుంది. మేనమామగా మీరు వాణ్ని మీ ఇంట్లో ఉంచుకుని, కాలేజీకి దింపి తీసుకొస్తానని హామీ పత్రం రాసి, అక్కతో పాటు బోర్డు ముందు నిలబడితే, జామీను సొమ్ము కంటే దానికి ఎక్కువ విలువ ఉంటుంది. కాలేజీ నుంచి హాజరు పత్రం కూడా తీసుకోండి. బెయిలు షరతులు ఏడు రోజుల్లో నెరవేర్చలేకపోతే, వాటిని సడలించడానికి బాలుణ్ని మళ్లీ బోర్డు ముందు హాజరుపరచాలి. జామీను లేక నెలల తరబడి లోపలే ఉండిపోయే పిల్లల విషయంలో ఈ మాట గుర్తుచేసే వకీలు కావాలి.

వయసు గురించి ఆధార్‌ను చూసి భయపడకండి. 94వ సెక్షన్‌లో వరుస ఉంది: మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి ధ్రువపత్రం, అవి లేకుంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, అదీ లేకుంటేనే వైద్య పరీక్ష. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి కొడుకు మెమోను బియ్యం డబ్బా అడుగున దాచి, నాలుగు మడతలుగా పట్టుకొచ్చింది. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితాన్ని తెల్లకాగితం మీద పరిచి అతికించి బోర్డు ముందు పెట్టాం. మేజర్ అని రాసుకొచ్చిన రిపోర్టు అక్కడే ఆగిపోయింది. మీరు అసలు మెమో, రెండు నకళ్లు, బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు తీసుకెళ్లండి.

వకీలు చేయాల్సిన మరో పని ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్లు చదవడం. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 304వ సెక్షన్ కింద లాక్కోవడమైతే గరిష్ఠ శిక్ష మూడేళ్లు, అది చిన్న నేరాల కోవలోకి వస్తుంది. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, రెండు నెలలు పొడిగించవచ్చు, అప్పటికీ తేలకపోతే చిన్న నేరం కేసు అక్కడితో ముగిసిపోతుంది. కానీ మారణాయుధం వాడారని 311 చేరిస్తే కనీస శిక్ష ఏడేళ్లు కాబట్టి అది హేయమైన నేరమవుతుంది, 16 నిండిన పిల్లవాణ్ని పెద్దవాడిగా విచారించవచ్చా అన్న ప్రాథమిక మదింపు జరుగుతుంది. అందుకే కత్తి ఎవరి చేతిలోనైనా ఉందా, ఎవరు దిగారు, ఎవరు బండి మీదే ఉన్నారు అన్నది కుర్రాడి నోటి నుంచే, మీరెవరూ పక్కన లేనప్పుడు వినాలి. పెద్దల కేసుతో కలిపి వీణ్ని విచారించడానికి బాలల న్యాయ చట్టం 23వ సెక్షన్ ఒప్పుకోదు.

నేను పరిశీలన గృహానికి వెళ్లినప్పుడు ముందు నేరం గురించి అడగను. అన్నం తిన్నావా అంటాను. ఒకడు పప్పులో ఉప్పు లేదన్నాడు, పది నిమిషాలు దాని గురించే మాట్లాడాడు, ఆ తర్వాత తండ్రి ముందు చెప్పని మాట చెప్పాడు: ఫోన్ లాక్కున్నారని తనకు బండి కదిలాకే తెలిసిందట. ఆ ఒక్క మాట మీదే కేసు నడిచింది.

రెండు రాత్రులు స్టేషన్‌లో ఉంచడం తప్పు. 10వ సెక్షన్ ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బోర్డు ముందు ఉంచాలి, లాకప్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, ఎవరు చూశారు అన్నది అక్క ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. కొట్టిన గుర్తులుంటే వకీలు ద్వారా బోర్డుకు చెప్పి వైద్య పరీక్ష కోరాలి.

ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చి సామాజిక నివేదిక రాస్తారు. ఇల్లు పేదది అని సిగ్గుపడి ఏదీ దాచవద్దని అక్కకు చెప్పండి. వీధిలో వాళ్లకు, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం కుర్రాడి పేరు, ఫొటో వెళ్లనీయకండి. గుర్తింపు బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. సోమవారం ఉదయం వకాలత్ (వకీలుకు కేసు అప్పగించే పత్రం) మీద తల్లిగా సంతకం చేయడానికి అక్క మీతో ఉండాలి.