పెదవులు అంటుకునే ఆ పసుపు పండు ఏ చెట్టుది?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. నలభై ఏళ్ల కిందట మా ఊరి గెడ్డ ఒడ్డున గుబురుగా పెద్ద చెట్టు ఒకటి ఉండేది. వేసవి సెలవుల్లో దాని కింద రాలిన, వేపపండంత పసుపుపచ్చని పండ్లను ఒడినిండా ఏరుకొని తినేవాళ్లం. నాలుగు తినేసరికి పెదవులు అంటుకుపోయేవి. మా మామ్మ దాన్ని పాలచెట్టు అనేది. ఆ పేరు చెప్పి ఒక నర్సరీలో మొక్క కొంటే, రెండేళ్లు పెంచాక అది ఏడాకుల పాల అని తేలింది. మేం తిన్నవి పొగడపండ్లని కొందరంటున్నారు. ఏది నిజం? ఇప్పుడు మా పెరట్లో పాత సపోటా అంటుచెట్టు ఒక్కటే ఉంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ మామ్మగారు చెప్పిన పేరే సరైనదమ్మా. మీరు తిన్నవి పాలపండ్లు. హిందీలో ఖిర్నీ అనే ఈ చెట్టు శాస్త్రీయ నామం మనిల్కారా హెక్సాండ్రా. చిక్కంతా పేరుతోనే వచ్చింది, ఎందుకంటే గిల్లితే తెల్లని పాలు కారే చెట్లు చాలావాటికి మనవాళ్లు పాల అనే పేరు పెట్టారు. మీకు ఇచ్చిన ఏడాకుల పాలకు కణుపు చుట్టూ తరచుగా ఏడేసి ఆకులు గొడుగులా అమరి ఉంటాయి. సన్నని పొడవాటి కాయలు జంటలుగా వేలాడతాయే తప్ప తినే పండు కాయదు.

పొగడ అన్నవారి పొరపాటు మాత్రం అర్థం చేసుకోదగినదే. పొగడ, పాల, సపోటా మూడూ ఒకే కుటుంబానివి. కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ 1795లో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సైతం పాలచెట్టును పొగడ ప్రజాతిలోనే చేర్చి మిముసాప్స్ హెక్సాండ్రా అని పేరు పెట్టాడు. అయితే ఆకు చేతిలోకి తీసుకుంటే సందేహం ఉండదు. పొగడాకు అంచు అలలుగా ఉండి కొన మొనదేలుతుంది. పాలాకు దళసరిగా, పైన ముదురాకుపచ్చగా ఉండి, కొన దగ్గర గోటితో నొక్కినట్టు చిన్న నొక్కుతో ఆగిపోతుంది. పొగడపండు నారింజ రంగులో, పిండిపిండిగా, వగరుగా ఉంటుంది. పాలపండు పసుపుపచ్చగా, తియ్యగా ఉండి, లోపల సాధారణంగా నిగనిగలాడే గోధుమరంగు గింజ ఒక్కటే ఉంటుంది. పండులోని జిగురుపాల వల్లే మీ పెదవులు అంటుకున్నాయి.

ఇక మొక్క సంగతి. మనదేశంలో సపోటా అంట్లను ఎక్కువగా పాల మొక్కల మీదే కడతారు కాబట్టి, సపోటా అంట్లు కట్టే నర్సరీకి వెళ్లి, అంటు కట్టకముందు పెంచే పాల మొక్క ఒకటి ఇమ్మని అడగండి. ఇది చాలా నిదానంగా పెరిగే చెట్టు, కాపుకు ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి. వెళ్లేముందు మీ సపోటా మొదలు ఒకసారి వంగి చూడండి. అంటు కట్టిన చోటికి కింద చిగుళ్లు వేసి, వాటి ఆకు కొనన ఆ నొక్కు కనిపిస్తే, అవి సపోటావి కావు, పాలచెట్టువి. ఆ ఆకొకటి కోసి వెంట తీసుకెళితే, ఈసారి నర్సరీలో పేరుతో పని ఉండదు.