డీజిల్ తాగిన నేలకు ముందు మొక్క కాదు, గాలి కావాలి

బాబూ,

డీజిల్ ట్యాంకు కారి నేల పాడైంది, ఏ మొక్క నాటితే ఆ నూనెను లాగేస్తుంది మామయ్యా అని అడిగావు. ఏదీ లాగదురా. నూనెను తినేది మట్టిలోని బ్యాక్టీరియా, బూజులు. మొక్క చేసేదల్లా వేళ్ల చుట్టూ వాటికి కాస్త తిండి వదలడం, మట్టిని గుల్లగా ఉంచడం. కాబట్టి నర్సరీకి పరుగెత్తకు.

ముందు కారడం ఆగిందో లేదో చూడు. పైన నిలిచిన నూనెను రంపపు పొట్టుతో అద్ది తీసెయ్. పిండితే కారేంత తడిసిన మట్టి మన చేతిలో పని కాదు, దాన్ని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే అప్పగించు. దగ్గర్లో బావో బోరో ఉంటే ఆ నీళ్లు పరీక్ష చేయించేదాకా ఎవరూ తాగొద్దు. సబ్బునీళ్లతో కడిగేద్దామని ఎవరైనా అంటే వినకు, నూనె పోదు, కిందికి దిగుతుంది.

నేను మొదటిసారి చేసిన తప్పు చెప్తా. మట్టి తిరగేసి వెంటనే గడ్డి విత్తనం చల్లాను. మొలిచింది, మూడు వారాలకే పసుపెక్కి పడిపోయింది. విత్తనాలమ్మినవాణ్ణి తిట్టుకున్నాను, పాపం. అసలు సంగతేమిటంటే నూనె నిండా కార్బనే, నత్రజని దాదాపు ఉండదు, దాన్ని తినే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి, ఇక మొక్కకు మిగిలేదేముంది? అందుకే 100 పాళ్ల కార్బన్‌కు 10 పాళ్ల నత్రజని, 1 పాలు భాస్వరం అని ఒక లెక్క వాడతారు. కిలో డీజిల్‌లో సుమారు 850 గ్రాముల కార్బన్, అంటే 85 గ్రాముల నత్రజని, యూరియాలో చెప్పాలంటే 185 గ్రాములు. ఇది మొత్తం లెక్క, ఒకేసారి వేసేది కాదు. ఒక్కసారే గుమ్మరిస్తే లవణాలు పెరిగి అన్నీ చస్తాయి. కంపోస్టులో వచ్చే నత్రజనిని తీసేసి, మిగిలింది నాలుగైదు విడతలుగా వెయ్. మట్టిలో నూనె ఎంతుందో ల్యాబ్‌లోనే తెలుస్తుంది, ఆ ఖర్చుకు వెనకాడకు.

బాగా చివికిన కంపోస్టు, ముక్కలు చేసిన గడ్డి కలిపి, సూక్ష్మజీవులకు గాలి అందేలా రెండు వారాలకోసారి తిరగెయ్. నూనె పట్టిన మట్టి నీటిని పీల్చదు, చుక్కలు పైనే దొర్లిపోతాయి, అందుకే కొద్దికొద్దిగా చల్లుతూ ఉండు. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, నీళ్లు కారకూడదు. బురదైతే గాలాడక పని ఆగిపోతుంది.

వాసన తగ్గాక ఓ కుండీలో ఈ మట్టి, ఇంకోదాంట్లో మంచి మట్టి పెట్టి ఒకే విత్తనం వేసి చూడు. మొలకలు దాదాపు సమానంగా వస్తే అప్పుడు నాటు. వట్టివేరు, రై గడ్డి, లూసర్న్ లాంటివి, పీచువేళ్లు దట్టంగా ఉండేవి లేదా లోతుకు దిగేవి. వేళ్లు చేరని లోతులో శుభ్రం కాదని మాత్రం గుర్తుంచుకో. ఆ గడ్డి పశువులకు వెయ్యొద్దు, అక్కడ కూరగాయలూ వద్దు. అన్నట్టు, కారింది డీజిలేనా, వాడిన ఇంజిన్ ఆయిల్ కూడా ఉందా? ఉంటే అందులో జింకు, సీసం లాంటి లోహాలుంటాయి, వాటిని ఏ సూక్ష్మజీవీ మాయం చెయ్యలేదు, ఆ పరీక్ష వేరే చేయించాలి.

డీజిల్‌లో తేలికపాటి భాగం నెలల్లో పోతుంది, బరువుది ఏళ్లు పట్టొచ్చు. ఒక మూల చిన్న నేల ముక్క ఏమీ చెయ్యకుండా వదిలెయ్, పోల్చుకోవడానికి. మూడు నెలలకోసారి అవే చోట్ల, అదే లోతులో నమూనా తీయించు. మొదటి రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు, యూరియా లెక్క ఇద్దరం కూర్చుని వేద్దాం.

మీ మామయ్య