స్లాటు ఖాయమయ్యాకే రైలు టికెట్టు

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. పెళ్లయ్యాక చెన్నైలో, పెరంబూరులో స్థిరపడ్డాను. మా నాన్నకు 71 ఏళ్లు. రెండేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాల్లో పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నారు. అమ్మ పోయాక ఆయనను చూసుకునేవారు లేరు. నా దగ్గరకు తెచ్చుకుందామనుకుంటున్నాను. కారు మేలా, రైలు మేలా? జీడి కోతలయ్యాకే కదులుతానని ఆయన పట్టుబడుతున్నారు.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, నాదీ ఉద్దానమే. చెన్నైలో డయాలసిస్ వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా అన్నయ్యను కూడా ఇలాగే తెచ్చుకున్నాను కాబట్టి మీ ఆందోళన నాకు తెలుసు.

కారా, రైలా అన్నది తర్వాత. ముందు మీ ఇంటికి దగ్గరలో ఏ సెంటరులో ఆయనకు స్లాటు, అంటే డయాలసిస్ మిషను మీద వంతు, దొరుకుతుందో తేల్చుకోండి. అన్నయ్య విషయంలో నేను ఫోనులో మాట్లాడి, ‘రండి’ అంటే నమ్మాను. తీరా దిగాక, హెపటైటిస్ రిపోర్టులు పాతవి, కొత్తవి వచ్చేదాకా మిషను ఇవ్వలేమన్నారు. వాళ్లు అడిగింది న్యాయమే. హెపటైటిస్ బి ఉన్నవారికి మిషను వేరుగా ఉంచాలి. ముందుగా అడగకపోవడం నా తప్పు. ఆ రాత్రి అన్నయ్య పడుకుంటే ఊపిరాడక, వీపు వెనుక మూడు దిండ్లు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. ఆ రాత్రి మీకు రాకూడదు.

అందుకే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షలు బయలుదేరే ముందు పలాసలోనే చేయించండి. అవి ఎన్నాళ్ల లోపువి అయి ఉండాలో ఇక్కడి సెంటరును అడగండి. అక్కడి డయాలసిస్ చార్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు, మందుల చీటీ అన్నీ జిరాక్సు తీసి ఇక్కడి డాక్టరుకు ముందే పంపండి. స్లాటు రోజు, షిఫ్టు కాగితం మీద రాయించుకున్నాకే టికెట్టు కొనండి.

ఖర్చు సంగతి. 70 దాటినవారికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయో వందన కార్డు 2024లో వచ్చింది. పథకంలో చేరిన ఆసుపత్రులలో రాష్ట్రం మారినా చెల్లుతుంది. ఆ సెంటరులో డయాలసిస్‌ను దాని కింద చేస్తారా అని మాత్రం సూటిగా అడగండి. నాన్నగారికి కిడ్నీ పింఛను వస్తుంటే, ఊరు వదిలే ముందే గ్రామ సచివాలయంలో మాట్లాడండి.

ఇక ప్రయాణం. వెయ్యి కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. అంతసేపు కారులో కాళ్లు వేలాడదీసి కూర్చోవడం ఆయన వల్ల కాదు. రైలే మేలు, కింది బెర్తు తీసుకోండి. డయాలసిస్ కోసం వెళ్లేవారికి, తోడు వెళ్లే ఒకరికి స్లీపరులో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఉంది. రైల్వే నమూనాలో డాక్టరు సర్టిఫికెట్ రాయించుకుని కౌంటరుకే వెళ్లాలి. చెన్నై సెంట్రల్ స్టేషనులో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి కాబట్టి మెట్లెక్కే పని లేదు. చక్రాల కుర్చీ ప్లాట్‌ఫారం నుంచి తిన్నగా బయటికి వస్తుంది.

శుక్రవారానికీ సోమవారానికీ మధ్య ఎక్కువ విరామం ఉంది కదా, అప్పుడు బయలుదేరుదాం అని అందరికీ అనిపిస్తుంది. నేను వద్దంటాను. అప్పటికే ఒంట్లో నీరు ఎక్కువ చేరే రోజులవి. దానికి తోడు రైలు ఆలస్యమైతే కష్టం. సోమవారం డయాలసిస్ అయ్యాక మంగళవారం రైలెక్కించండి. ఇక్కడ బుధవారం సాయంత్రం షిఫ్టు అడగండి.

స్టేషనుకు సాగనంపడానికి వచ్చే చుట్టాలు కొబ్బరి బోండాలు, జీడిపప్పు తెస్తారు. మన వైపు ప్రేమ అలాగే ఉంటుంది. కానీ వాటిలోని పొటాషియం ఆయన గుండెకు ప్రమాదం. దండం పెట్టి వెనక్కి ఇచ్చేయండి. ఊరగాయ కూడా వద్దు. డాక్టరు చెప్పిన కొలత నీళ్లు ఒక్క సీసాలో పోసి, అదే ఆ రోజుకు అని చెప్పండి.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనిని, సిరను కలిపిన చోటు) ఉన్న చేతిమీద ఒత్తిగిలి పడుకోనివ్వకండి. ఆ చేతికి గడియారం, బిగుతు చొక్కా వద్దు, బీపీ చూడనివ్వకండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా అక్కడ వేళ్లు ఆనించి చూడండి. తుమ్మెద రొద చేస్తున్నట్టు సన్నగా అదురుతుంటుంది. ఆ అదురు ఆగితే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే రైల్వే హెల్ప్‌లైన్ 139కు ఫోను చేసి డాక్టరును అడగండి.

కోతల మాట ఆయన ఇష్టానికే వదిలేయండి. స్లాటు వెతకడానికి మీకూ ఆ రోజులు కావాలి. మా అన్నయ్య తోటను కౌలుకిచ్చి వచ్చారు. ప్రతి ఆదివారం కౌలురైతుకు ఫోను చేసి, పూత ఎలా ఉంది, పిందె నిలిచిందా అని అరగంట మాట్లాడేవారు. మీ నాన్నగారికీ అలా మాట్లాడే మనిషిని ఒకరిని ఊళ్లో చూసి పెట్టి రండి.